అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ విభాగానికి కొత్త మేనేజర్‌ను 90 రోజుల్లో తయారుచేయడం

హైదరాబాద్‌లో 300 ఫ్లాట్ల గేటెడ్ కమ్యూనిటీ అంటే చిన్న ఊరు. ఫ్లాటుకు నలుగురు, మనిషికి రోజుకు 135 లీటర్ల లెక్కన 1,62,000 లీటర్ల నీళ్లు రోజూ పైకెక్కాలి. వాడిన నీళ్లలో చాలా భాగం మళ్లీ ఎస్‌టీపీకి, అంటే మురుగునీటి శుద్ధి ప్లాంటుకు, చేరి శుభ్రపడాలి. కరెంటు పోతే సెకన్లలో జనరేటర్ అందుకోవాలి. లిఫ్టులు, ఫైర్ పంపులు, సెల్లార్ మోటార్లు ఎప్పుడు చూసినా సిద్ధంగా ఉండాలి. ఇంత బాధ్యతను కొత్త మేనేజర్ చేతికి ఇచ్చేటప్పుడు చాలాచోట్ల జరిగేది తాళాల గుత్తి ఇవ్వడం, వాట్సాప్ గ్రూపులో చేర్చడం, అంతే. మూడు నెలలకు ఆయనా విసిగిపోతాడు, అసోసియేషనూ విసిగిపోతుంది.

ఈ పనికి వచ్చేవాళ్లు ఎక్కువగా రెండు రకాలు. ఏడెనిమిదేళ్లు ఎలక్ట్రీషియన్‌గానో సూపర్‌వైజర్‌గానో చేసి పైకొచ్చినవాళ్లు ఒకరు. వీళ్లకు యంత్రం తెలుసు. కానీ మోటారు ఆగిందనగానే పానా అందుకుని తామే కూర్చుంటారు, ఈలోగా మిగతా పది పనులు ఆగిపోతాయి. హోటల్ మేనేజ్‌మెంటో ఎంబీఏనో చదివి వచ్చినవాళ్లు రెండో రకం. వీళ్లు మనుషులతో బాగా మాట్లాడతారు, రిపోర్టు బాగా రాస్తారు, కానీ టెక్నీషియన్ ఏం చెబితే అది నమ్ముతారు. ఇద్దరికీ నేర్పాల్సింది ఒక్కటే: పుస్తకంలో రాసిన అంకెను నమ్మే ముందు యంత్రం దగ్గరికి వెళ్లి చూడటం. కింది శిక్షణ అంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

మొదటి వారం: నడక, చేత్తో గీసిన పటం

మొదటి ఏడు రోజులు ఫిర్యాదులు, బిల్లులు, మీటింగులు ఏవీ అంటగట్టవద్దు. మూడు దారుల వెంట నడిపించండి: నీళ్ల దారి, కరెంటు దారి, మురుగు దారి.

నీళ్ల దారి ముందు. జలమండలి కనెక్షన్, బోరు, ట్యాంకరు ఈ మూడూ ఎక్కడ కలుస్తాయి, అక్కడి నుంచి రా వాటర్ సంపు (శుద్ధిచేయని నీళ్ల తొట్టి), ఫిల్టరు, సాఫ్ట్‌నర్ (నీళ్ల కాఠిన్యం తగ్గించే యంత్రం), శుద్ధిచేసిన నీళ్ల సంపు, ట్రాన్స్‌ఫర్ పంపులు, ఓవర్‌హెడ్ ట్యాంకు, అక్కడి నుంచి షాఫ్టుల్లోని పైపులు. ఆయనే నడిచి, ఆయనే తెల్లకాగితం మీద గీయాలి. బిల్డర్ ఇచ్చిన డ్రాయింగు చూసి కాపీ చేయనివ్వకండి. కట్టిన తర్వాత మార్చిన పైపులు ఆ డ్రాయింగులో ఉండవు. ప్రతి వాల్వునూ ఆయన చేత్తో తిప్పించండి. ఏళ్ల తరబడి కదలని గేట్ వాల్వు అవసరం వచ్చిన రోజు బిగుసుకుపోయి ఉంటుంది, లేదా మూసినా సగం నీళ్లు కారుతూనే ఉంటాయి. ఆ సంగతి పైపు పగిలిన రాత్రి తెలియడం కంటే ఇప్పుడే తెలియడం నయం. తిప్పిన ప్రతి వాల్వుకూ నంబరు కొట్టిన అల్యూమినియం బిళ్ల కట్టించి, అదే నంబరు పటంలో వేయించండి.

ఈ నడకలోనే ప్రెషర్ లెక్క నేర్పాలి. 10 మీటర్ల ఎత్తుకు సుమారు ఒక కిలో ప్రెషర్ (చదరపు సెంటీమీటరు మీద). 45 మీటర్ల పైన ట్యాంకు ఉంటే కింది అంతస్తులో నాలుగున్నర కిలోలు. ప్రెషర్ తగ్గించే వాల్వు పాడైతే కింది ఫ్లాట్లలో ఫ్లష్ వాల్వులు కారడం, వాషింగ్ మెషీన్ పైపులు ఊడటం మొదలవుతుంది. ప్లంబరు ఒక్కో ఫ్లాటుకూ వెళ్లి వాషర్లు మారుస్తూనే ఉంటాడు. కింది రెండు అంతస్తుల నుంచే ఫిర్యాదులు వస్తున్నాయంటే చూడాల్సింది వాషర్ కాదు, షాఫ్టులోని ఆ వాల్వు.

కరెంటు దారిలో 11 కేవీ లైను, మీటరింగ్, ట్రాన్స్‌ఫార్మర్, ఎల్‌టీ (తక్కువ వోల్టేజీ) ప్యానెల్, అంతస్తుల వరకు వెళ్లే మెయిన్లు చూపించండి. హెచ్‌టీ (ఎక్కువ వోల్టేజీ) వైపు ఎవరూ చెయ్యి పెట్టకూడదని, లైసెన్సున్న కాంట్రాక్టరే ముట్టుకోవాలని మొదటిరోజే చెప్పాలి. కానీ కంటితో చూసేవి చాలా ఉన్నాయి. ట్రాన్స్‌ఫార్మర్‌లోకి వెళ్లే గాలి తడిని పీల్చే బ్రీదర్‌లోని సిలికా జెల్ నీలంగా ఉంటే తడి లేనట్టు, గులాబీ రంగుకు తిరిగితే తడి పట్టినట్టు. ఆ గింజల రంగు మారినా నెలల తరబడి ఎవరూ చూడని చోట నూనె పరీక్ష కూడా జరిగి ఉండదు.

వారం చివర ఒక పరీక్ష పెట్టండి. “బి బ్లాకు ఏడో అంతస్తులో వంటింటి పైపు పగిలింది, ఎక్కడ మూస్తారు?” ఐదు నిమిషాల్లో సరైన వాల్వు మీద చెయ్యి పడాలి. పడకపోతే ఆ దారి మళ్లీ నడవాలి.

రెండో వారం: యంత్రాల జాబితా

ప్రతి యంత్రానికీ ఒక పేజీ. నేమ్ ప్లేట్ ఫొటో, కిలోవాట్లు, ఫుల్ లోడ్ ఆంపియర్లు, పెట్టిన తేదీ, చివరి సర్వీసు, ఏఎంసీ (ఏడాది నిర్వహణ ఒప్పందం) ఎవరితో, ఎప్పటివరకు. ఇవి అందరూ రాస్తారు. రాయనివి రెండు: ఇది ఆగితే ఎంతసేపట్లో ఎవరికి ఇబ్బంది, దీని విడిభాగం ఎక్కడ దొరుకుతుంది. పంపుకు వేసే 6205 బేరింగు రాణిగంజ్‌కు మనిషిని పంపితే ఆ పూటే వస్తుంది. లిఫ్టు కంట్రోల్ కార్డు మాత్రం కంపెనీ గోడౌను నుంచి రావాలి, రోజులు పట్టొచ్చు. స్టోర్‌లో ఏది ఉంచాలో ఈ రెండు గళ్లే చెబుతాయి. లేకపోతే స్టోర్ నిండా ఎల్‌ఈడీ బల్బులుంటాయి, నీటి మట్టాన్ని బట్టి పంపును నడిపి ఆపే ఫ్లోట్ స్విచ్ ఒక్కటీ ఉండదు.

నేమ్ ప్లేట్ మీది ఆంపియర్ల పక్కన, మోటారు నడుస్తున్నప్పుడు క్లాంప్ మీటరుతో కొలిచిన ఆంపియర్లు మూడు ఫేజులకూ రాయించండి. ఇదే తర్వాత పోల్చుకోవడానికి ఆధారం. ఓవర్‌లోడ్ రిలే (కరెంటు మించితే మోటారును ఆపేది) ఎంత మీద పెట్టి ఉందో కూడా చూడమనండి. మాటిమాటికీ ట్రిప్ అవుతోందని ఎవరో దాన్ని పూర్తిగా పైకి తిప్పేసి ఉంటారు. అలాంటి మోటారుకు రక్షణ లేనట్టే, ఎప్పుడైనా కాలిపోతుంది.

మూడో వారం: లాగ్‌బుక్ చదవడం

శిక్షణలో ఎక్కువ సమయం ఇవ్వాల్సింది దీనికే. డీజీ (డీజిల్ జనరేటర్) గదిలో రీడింగులు రాసే పుస్తకం తెరవండి. ఉదయం 8, 10, 12 గంటల గళ్లు ఒకే పెన్ను, ఒకే దస్తూరి, ఒకే ఒత్తిడితో ఉంటే ఒకేసారి కూర్చుని నింపినట్టు. జనరేటర్ అసలు నడవని రోజు కూడా కూలెంట్ వేడి 82 డిగ్రీలని ఉంటే, నిన్నటి పేజీ చూసి ఎక్కించినట్టు. కొన్నిచోట్ల రాత్రి షిఫ్టు గళ్లు సాయంత్రమే నిండిపోయి ఉంటాయి. అందుకే కొత్త మేనేజర్ రోజూ ఏదో ఒక వేళ, చెప్పకుండా, మూడు రీడింగులను పుస్తకం చేత్తో పట్టుకుని మీటరుతో సరిచూడాలి. తేడా వస్తే ఆ మనిషిని నలుగురిలో తిట్టవద్దు. ఆ గడి ఎందుకు ఉందో, దానివల్ల ఏం తెలుస్తుందో యంత్రం ముందు నిలబడి చెప్పాలి. ఎవరూ చదవని పుస్తకాన్ని ఎవరూ నిజంగా నింపరు. వారానికోసారి మేనేజర్ ఎర్ర పెన్నుతో ఒక ప్రశ్న రాస్తే చాలు, పుస్తకం మారిపోతుంది.

డీజిల్ లెక్కతో దీన్ని అలవాటు చేయండి. పెద్ద జనరేటర్ లీటరుకు సుమారు 3 నుంచి 4 యూనిట్లు ఇవ్వాలి. నాలుగు రోజుల్లో 310 లీటర్లు తాగి 1,020 యూనిట్లు ఇస్తే లీటరుకు 3.3, సరిపోయింది. అదే 2.2కు పడితే వెంటనే దొంగతనం అనేయకూడదు. లోడు 30 శాతం కంటే తక్కువతో గంటల తరబడి నడిచిందేమో, పైపులో లీకుందేమో, డిప్ స్టిక్ కొలత సరైనదేనా చూడాలి. పడుకోబెట్టిన గుండ్రటి ట్యాంకులో నడుమ ఒక సెంటీమీటరుకు పట్టే డీజిల్ అడుగున పట్టేదాని కంటే చాలా ఎక్కువ. సమానంగా గీతలు గీసిన కర్రతో కొలిస్తే లెక్క ఎప్పుడూ తప్పుతుంది. ఇవన్నీ సరిగ్గా ఉన్నాక కూడా తేడా వస్తే అప్పుడు ట్యాంకు తాళం సంగతి మాట్లాడొచ్చు.

వారానికోసారి జనరేటర్‌ను ఖాళీగా ఐదు నిమిషాలు తిప్పి ఆపడం చాలాచోట్ల అలవాటు. అలా చేస్తే కాలని డీజిల్ సైలెన్సర్ వైపు నల్లగా పేరుకుంటుంది. నెలకు ఒకటి రెండుసార్లైనా అసలు లోడు మీద అరగంట నడపాలి. స్టార్టు కాకపోవడానికి ముందుగా అనుమానించాల్సింది బ్యాటరీనే: ఒక్కోటి విశ్రాంతిలో 12.6 వోల్టుల దగ్గర ఉండాలి, 12.2కు దిగితే సగం ఖాళీ. టెర్మినళ్ల మీద తెల్లటి పూత కనబడితే ఆ రోజే తుడిపించాలి.

నీళ్ల లీకులు పట్టడానికి రాత్రి రీడింగు నేర్పండి. తెల్లవారుజామున 2 నుంచి 4 మధ్య వాడకం దాదాపు ఉండదు. 5 మీటర్లు, 4 మీటర్లు కొలత గల ట్యాంకులో ఒక సెంటీమీటరు అంటే 200 లీటర్లు. ఆ రెండు గంటల్లో 6 సెంటీమీటర్లు తగ్గితే 1,200 లీటర్లు ఎక్కడో కారుతున్నట్టు. ఎక్కువసార్లు అది ఫ్లష్ ట్యాంకులే.

నాలుగో వారం: ఎస్‌టీపీ

ఈ వారమంతా ఎస్‌టీపీకే. కొత్తవాళ్లు దూరంగా నిలబడి ముక్కు మూసుకునే చోటు ఇది. కానీ అక్కడున్నది ప్రాణమున్న బాక్టీరియా అని, గాలి, తిండి రెండూ సమంగా అందాలని అర్థమైతే భయం పోతుంది.

రోజూ ఉదయం ఏరేషన్ ట్యాంకు (మురుగునీళ్లకు గాలి ఎక్కించే తొట్టి) నుంచి ఒక లీటరు నీళ్లు కొలజాడీలో పట్టించండి. కదపకుండా అరగంట ఉంచాలి. అడుగున చేరిన మడ్డి 250 నుంచి 350 మిల్లీలీటర్లు, పైన నీళ్లు తేటగా ఉంటే ప్లాంటు ఆరోగ్యంగా ఉన్నట్టు. 100 కంటే తక్కువైతే బాక్టీరియా చాలడం లేదు. 600 దాటితే మడ్డి తీయాలి, లేదా అది కుదురుకోవడం మానేసింది. రంగు చాక్లెట్ గోధుమలో ఉండాలి, వాసన వాన పడ్డ మట్టిలా ఉండాలి. నలుపు తిరిగి కుళ్లిన గుడ్డు వాసన వస్తే గాలి చాలడం లేదు. రాత్రిపూట కరెంటు ఆదా అని గాలి పంపే బ్లోయర్లు ఆపేయించే మేనేజర్ చేసే పొరపాటు ఇదే. బిల్లులో మిగిలినది తర్వాత బాక్టీరియా కల్చరుకు, ట్యాంకర్లకు, కాలుష్య నియంత్రణ మండలి నోటీసుకు పోతుంది.

ఇక్కడ ఒక విషయంలో రాజీ లేదు. సెప్టిక్ ట్యాంకు, కలెక్షన్ ట్యాంకు, మ్యాన్‌హోల్ వీటిలోకి మనిషిని దింపకూడదు. రక్షణ పరికరాలు లేకుండా మనుషులతో ఇవి శుభ్రం చేయించడాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది. అడుగున చేరిన హైడ్రోజన్ సల్ఫైడ్ ఎక్కువ మోతాదులో ముందుగా వాసన తెలియకుండా చేస్తుంది. లోపల ఒకరు కూలితే కాపాడటానికి ఇంకొకరు దిగుతారు, ఆ ఇంకొకరూ పోతారు. పంపు ఇరుక్కుంటే గొలుసుతో పైకి లాగే ఏర్పాటు ఉండాలి, మడ్డికి జెట్టింగ్ బండి రావాలి. కొత్త మేనేజర్ చేత ఈ మాట రాతపూర్వకంగా తీసుకోండి: కాంట్రాక్టరు “ఐదు నిమిషాల పనే సార్” అన్నా మూత తెరిచి మనిషిని దింపనివ్వను.

సాఫ్ట్‌నర్‌ను రెండు రోజుల్లో చెప్పేయవచ్చు. అందులోని రెసిన్ గింజలను ఉప్పునీళ్లతో కడిగి మళ్లీ పనికొచ్చేలా చేయడమే రీజెనరేషన్. దానికి లీటరు రెసిన్‌కు సుమారు 150 గ్రాముల ఉప్పు, అంటే 500 లీటర్లకు 75 కిలోలు. కాఠిన్యం పరీక్షను రీజెనరేషన్ అయిన వెంటనే చేస్తే ఎప్పుడూ బాగానే వస్తుంది. తర్వాతి రీజెనరేషన్‌కు ముందు చేయించండి, అప్పుడే అసలు సంగతి తెలుస్తుంది.

రెండో నెల మొదట్లో: ఫైర్ పంపు గది, లిఫ్టులు

ఫైర్ పంపు గదిలోకి వెళ్లగానే చూడాల్సింది సెలెక్టర్ స్విచ్. అది ఆటోలో ఉందా, మాన్యువల్‌లో ఉందా? జాకీ పంపు (లైనులో ప్రెషర్ పడకుండా చూసే చిన్న పంపు) మాటిమాటికీ మోగుతోందని ఎవరో మాన్యువల్‌కు తిప్పి మర్చిపోయి ఉంటారు. లైను ప్రెషర్ 10 కిలోలైతే జాకీ 9 దగ్గర, మెయిన్ పంపు 8 దగ్గర, డీజిల్ పంపు 7 దగ్గర అందుకునేలా ఉంటుంది. మీ భవనం ఎత్తును బట్టి అంకెలు మారతాయి, వరస మారదు. పై అంతస్తు హైడ్రెంట్ (మంటలార్పే నీళ్ల కుళాయి) దగ్గర 3.5 కిలోలు నిలవాలి. జాకీ మొదలైతే తనే ఆగుతుంది, మెయిన్, డీజిల్ పంపులు మాత్రం చేత్తోనే ఆపాలి. నెలకోసారి టెస్టు వాల్వు కొద్దిగా తెరిచి, ప్రెషర్ పడుతుంటే ఒక్కొక్క పంపు ఎంత దగ్గర లేచిందో కొత్త మేనేజర్ చేతే రాయించండి. జాకీ ఐదు నిమిషాలకోసారి లేస్తుంటే లైనులో లీకుంది. పంపు ఆపేయడం దానికి మందు కాదు.

లిఫ్టు విషయంలో ఆయన నేర్చుకోవాల్సింది రిపేరు కాదు. లోపల మనిషి ఇరుక్కుంటే ఇంటర్‌కమ్‌లో ధైర్యం చెబుతూ మాట్లాడటం, కంపెనీ వాళ్లు వచ్చేలోపు తలుపు తాళం ఎవరికీ ఇవ్వకపోవడం. రెండు అంతస్తుల మధ్య ఆగిన లిఫ్టు తలుపు తెరిస్తే మనిషి షాఫ్టులో పడే ప్రమాదం ఉంది. ఏఎంసీ కంపెనీ చేత ఒకసారి రెస్క్యూ చేసి చూపించమనండి.

మనుషులు, షిఫ్టులు, కాంట్రాక్టర్లు

24 గంటల పోస్టుకు ముగ్గురు చాలనుకోవడం కొత్త మేనేజర్ల మొదటి తప్పు. వారానికి 21 షిఫ్టులు. వారాంతపు సెలవుతో ఒకరు చేసేది ఆరు. అంటే మూడున్నర మంది, సెలవులు కలిపితే నలుగురు. ఐదు పోస్టులుంటే 15 కాదు, 20 మంది కావాలి. ఈ లెక్క వేయకపోతే ఎవరో ఒకరు వరసగా రెండు షిఫ్టులు చేస్తుంటారు. తప్పులు జరిగేది, లాగ్‌బుక్ ఊరికే నిండేది ఆ రెండో షిఫ్టులోనే. సంక్రాంతి, దసరా రోస్టరు నెల ముందే రాయించండి.

కాంట్రాక్టరు బిల్లు మీద సంతకానికి ముందు హాజరు, పీఎఫ్, ఈఎస్‌ఐ చలాన్లు మనుషుల పేర్లతో సరిచూడటం నేర్పాలి. నెల జీతం 21,000 రూపాయల లోపు ఉన్నవాళ్లకు ఈఎస్‌ఐ వర్తిస్తుంది. చెయ్యి విరిగిన రోజు ఆస్పత్రిలో కార్డు పనిచేయలేదంటే, ఆ తప్పులో బిల్లు మీద సంతకం పెట్టినవాళ్లకూ పాలుంది.

షిఫ్టు మారేటప్పుడు పది నిమిషాలు ఇద్దరూ కలిసి పంపు గది తిరగాలి. గేటు దగ్గర “అన్నీ బాగున్నాయి అన్నా” అనుకుని వెళ్లిపోవడం హ్యాండోవర్ కాదు. ప్యానెల్ మీద పనిచేసేటప్పుడు స్విచ్ ఆపి, తాళం వేసి, పేరు రాసిన కార్డు తగిలించాలి. ఆ తాళం తీసేది వేసిన మనిషే.

52 వారాల క్యాలెండరు, వానాకాలం

కొత్త మేనేజర్ చేత పనుల క్యాలెండరు మొదటి నుంచి రాయించండి, పాతది ఇవ్వవద్దు. ట్యాంకుల శుభ్రత ఆరు నెలలకోసారి, ప్యానెల్ టెర్మినళ్ల బిగింపు, ఎర్త్ పిట్ (కరెంటును భూమిలోకి పంపే గుంత) కొలత, మోటార్ల మెగ్గర్ పరీక్ష (వైర్ల ఇన్సులేషన్ చూసేది). ఎర్త్ పిట్లను నిండు ఎండాకాలంలో కొలవాలి. నేల ఎండినప్పుడు వచ్చే అంకే అసలు అంకె. ఒక్కో వారానికి ఎన్ని పని గంటలు పడుతున్నాయో కూడా లెక్కించమనండి. ఉన్న మనుషులకు మించి రాసిన క్యాలెండరులో సగం పనులు టిక్కులుగానే మిగులుతాయి.

వానాకాలం పనులు మే నెలాఖరుకల్లా పూర్తికావాలి. 2020 అక్టోబరు 13 వానకు హైదరాబాద్‌లో, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో నీళ్లు ఇళ్లలోకి, సెల్లార్లలోకి వచ్చాయి. సెల్లార్ పంపుల స్టార్టర్ ప్యానెల్ సెల్లార్ గోడకే ఉంటే, నీళ్లు తోడాల్సిన పంపులే ముందు ఆగిపోతాయి. ప్యానెల్ పై అంతస్తుకు మార్చాలి, అది కుదరకపోతే నీటి మట్టానికి బాగా పైన బిగించాలి. సంపులో బకెట్లతో నీళ్లు పోసి, రెండు పంపులూ ఫ్లోటుతో వాటంతట అవే లేస్తున్నాయో చూడాలి. డాబా మీది జాలీల్లో ఆకులు తీయించాలి. నీళ్లు రావడం మొదలైతే చేయాల్సిన వరస కంఠతా రావాలి: లిఫ్టులు పైకి పంపి ఆపడం, సెల్లార్ కరెంటు తీసేయడం, బండ్లు బయటికి, ఆ తర్వాత డీజిల్ పంపుతో తోడటం. కరెంటు తీయకుండా ఎవరూ నీళ్లలో అడుగు పెట్టకూడదు.

మూడో నెల: ఫిర్యాదులు, డబ్బు

ఇప్పుడు ఫిర్యాదుల యాప్ అప్పగించండి. మూసిన ఫిర్యాదుల సంఖ్య కంటే మళ్లీ తెరుచుకున్నవే ఎక్కువ చెబుతాయి. ఒకే ఫ్లాటు నుంచి నెలలో మూడోసారి అదే ఫిర్యాదు వస్తే టెక్నీషియన్‌ను పంపడం ఆపి, మేనేజరే వెళ్లాలి. ఇంట్లో పెద్దావిడ “ఎన్నిసార్లు చెప్పాలి బాబూ” అంటే వాదించకుండా, “అమ్మా, రేపు 11 గంటలకు ప్లంబరుతో నేనే వస్తాను” అని సమయం చెప్పి, ఆ సమయానికి వెళ్లడం నేర్పాలి. రాలేకపోతే ముందే ఫోను.

డబ్బు వైపు మొదట చూపించాల్సింది కరెంటు బిల్లులోని మ్యాక్సిమమ్ డిమాండ్, అంటే నెలలో ఒకేసారి లాగిన అత్యధిక లోడు. ఒప్పుకున్న పరిమితి దాటితే అదనపు రుసుము పడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో పంపులన్నీ సాయంత్రం 7 గంటలకే నడిస్తే దాటేస్తుంది. అదే పంపింగు మధ్యాహ్నానికో అర్ధరాత్రికో జరిపితే ఖర్చు లేకుండా తగ్గుతుంది. కాంట్రాక్టుల్లో మామూలు ఏఎంసీకి, విడిభాగాలు కలిసిన ఒప్పందానికి తేడా చదివించండి, ముఖ్యంగా “ఇవి కలవవు” అన్న పేరాను. లిఫ్టు తాళ్లు, కార్డులు, బ్యాటరీలు తరచూ ఆ పేరాలోనే ఉంటాయి. ఒక మొత్తం వరకు, ఉదాహరణకు 10,000 రూపాయలు, సొంతంగా ఖర్చుపెట్టే అధికారం కమిటీ రాసివ్వాలి. అది లేకపోతే ఫ్లోట్ స్విచ్ కొనడానికి కూడా సెక్రటరీ గారి సంతకం కోసం రెండు రోజులు ఆగాలి, ఈలోగా ట్యాంకు పొంగుతూనే ఉంటుంది.

చివరి పది రోజులు

రెండు పరీక్షలు. నివాసులకు ముందే నోటీసిచ్చి, రాత్రి 11 గంటలకు మెయిన్ కరెంటు ఆపండి. జనరేటర్ అందుకోవడానికి ఎంతసేపు పట్టింది, ఏ లిఫ్టు ఎక్కడ ఆగింది, ఎస్‌టీపీ బ్లోయర్ తిరిగి మొదలైందా, ఫైర్ ప్యానెల్ ఏం చూపించింది, ఇవన్నీ ఆయన సిబ్బందిని ఎక్కడెక్కడ నిలబెట్టి రాయించాడో గమనించండి. తానే డీజీ గదిలోకి పరుగెత్తితే ఇంకా సూపర్‌వైజర్‌గానే ఉన్నట్టు.

రెండోది, శిక్షణ ఇచ్చినవాళ్లు ఏడు రోజులు ఫోను ఎత్తకుండా ఉండటం. ప్రాణాపాయమైతే తప్ప. ఎనిమిదో రోజు కలిసి కూర్చుని లాగ్‌బుక్కులు, ఫిర్యాదులు, యంత్రాల జాబితా ముందు పెట్టుకోండి. ఏ యంత్రాన్ని ఆయన స్వయంగా నడిపి, ఆపి, పాడైతే ఏం చేయాలో చెప్పగలడో ఆ పేజీ మీద ఇద్దరూ సంతకం చేయండి. సంతకం పడని పేజీలకు తేదీలు వేసి, తర్వాతి నెల క్యాలెండరులో ఎక్కించండి.